వంశావళి వ్రాయించుకొనుటకు ముందు

మన సంఘములోని కొన్ని కుటుంబములవారు ఇటీవల తమ వంశచరిత్రను తెలిసినవారిచేత పరిశోధన చేయించి వ్రాయించుకొనవలెనని ఉత్సాహపడుచున్నారు. రుసుము పుచ్చుకొని ఈ పని చేసెడివారు నేడు ఉన్నారు. పాత దస్తావేజులు చదువగలరు, రికార్డు ఆఫీసుల దారి తెలిసినవారు, ఊరికి పోయి విచారించి రాగలరు. సంకల్పము మంచిదే. కాని వారి చేతిలో డబ్బు పెట్టుటకు ముందు మన ఇండ్లలో మనము చేసికొనవలసిన పని కొంత ఉన్నది. అది ఎందుకో తెలియవలెనన్న, పూర్వము మన వంశములను ఎవరు జ్ఞాపకము పెట్టుకొనెడివారు, ఆ జ్ఞాపకము మనవరకు వచ్చుసరికి ఎక్కడ తెగినది అన్న సంగతి ముందు విచారించవలెను.

ఖుర్దారోడ్డు, బరంపురము, ఛత్రపురము, పర్లాకిమిడి ప్రాంతముల తెలుగువారిని దృష్టిలో ఉంచుకొని మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. షోలాపురములోనో హుబ్బళ్లిలోనో ఉన్న మనవారికి ఊళ్ల పేర్లు, కచేరీల పేర్లు వేరు గాని చిక్కు మాత్రము ఇదే.

పల్లెలో ఉన్నంతకాలము మనవారికి వంశమును వెదకించుకొనవలసిన పని లేకపోయెను. చెప్పెడివాడే గుమ్మములోనికి వచ్చెడివాడు. కలిగిన ఇండ్లలో పెండ్లిండ్లకు భట్రాజులు వచ్చి తాత ముత్తాతల పేర్లు పద్యములుగా చదివెడివారు. కాపులు, కమ్మవారు, గొల్లలు మొదలైన వ్యవసాయదారుల ఇండ్లకు పిచ్చుకుంటలవారు వచ్చి ఇంటిపేరు, గోత్రము, శాఖలు కథగా చెప్పెడివారు. తెలంగాణమున పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు ఉన్నారు. వీరిలో పలువురు గుడ్డమీద వ్రాయించిన పటము విప్పి బొమ్మలు చూపుచు కులపురాణము చెప్పుదురు. థర్‌స్టన్ దొర రంగాచారిగారి సాయముతో 1909లో ఏడు సంపుటములుగా వెలువరించిన కులముల గ్రంథములో భట్రాజులను గూర్చియు, పిచ్చుకుంటలవారిని గూర్చియు వేరువేరుగా వ్రాసినారు.

వీరు ఊరక యాచకులని తలచుట పొరపాటు. ఏ ఊరు ఎవరిది అన్న కట్టుబాటు వారిలో ఉండెను. అది మిరాశీ వంటిది. తండ్రి తిరిగిన ఊళ్లను కొడుకులు పంచుకొనెడివారు. ఒకని ఊరికి మరొకడు పోరాదు. వారికి ముట్టునది ధాన్యము, పాతబట్ట, కలిగినవారింట ఒక దూడ. పుచ్చుకొన్నదానికి బదులు ఇంటివారి పేర్లు పాటలో నిలుచును. ఈ విద్యకు బలమంతయు రాకపోకలలో ఉన్నది. పోయినసారి వచ్చినప్పుడు లేని పసిబిడ్డ ఈసారి లెక్కలో చేరును. అప్పుడు ఉన్న ముసలివాడు ఈసారి తాతల వరుసలోనికి పోవును. ఏ పుస్తకమును లేకయే వంశావళి ఎప్పటికప్పుడు సవరణ పొందుచుండెడిది.

ఇక 1893 మొదలు 1896 లోపల బెజవాడ నుండి కటకము వైపు తూర్పుతీర రైలుమార్గము పడినది. దాని ఉత్తరభాగము 1902లో బెంగాలు నాగపూరు రైల్వేలో కలిసినది. శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట, బొబ్బిలి, పార్వతీపురము ప్రాంతములనుండి మనవారు గ్యాంగుమనుషులుగా, కళాసీలుగా, పాయింట్స్‌మన్లుగా, ఫిట్టర్లుగా వచ్చి లైను వెంబడి స్థిరపడినారు. మరికొందరు ఓడనెక్కి రంగము పోయి, 1942లో జపానువారు బర్మామీదికి వచ్చినప్పుడు అడవులగుండ నడచి వచ్చి, సొంత ఊరిలో నిలువ నీడ లేక ఇటు చేరినారు. పిచ్చుకుంటలవాడు మాత్రము రైలెక్కి రాలేదు. రైల్వే క్వార్టరుకు నంబరు ఉన్నదే గాని దానిమీద ఎవరికిని మిరాశీ లేదు. ఊరిలో మిగిలిన అన్నదమ్ముల ఇంట ఆయన పాట మరికొన్నాళ్లు సాగినదేమో గాని, అందులో రైలెక్కిన శాఖకు పుట్టిన పిల్లలు చేరలేదు.

ఈ కారణముచేతనే మనలో ఎవరిని కదిపినను మూడు పేర్లు, మహా అయిన నాలుగు చెప్పి ఆగుదురు. ఆ ఆగిన పేరు సాధారణముగా రైలెక్కిన మనిషిది. ఆయనకు ముందటివారు లేకపోలేదు. ఆయనను వారిని కలిపి చెప్పగలవాడు మనవద్దకు రావడము మానినాడు. నేడు మనము డబ్బిచ్చి పిలుచుచున్న పరిశోధకుడు ఆ పాతవానివలె మన ఇంటిని ఎరిగినవాడు కాడు. కాగితముతో మొదలుపెట్టవలసినవాడు. కనుక ఆ ఎరుకను మనమే పోగుచేసి ఆయన చేతికి ఇయ్యవలెను. లేనియెడల ఆయన మన డబ్బుతో మనకు తెలిసినదానినే మొదట తెలిసికొనవలసి వచ్చును.

మొదట ఊరి సంగతి. ఊరి పేరు తెలిసినంతమాత్రాన చాలదు, ఏ కాలములో ఏ జిల్లాలో ఉన్నదో తెలియవలెను. మద్రాసు రాజధానిలో శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురము గంజాము జిల్లాలోనివి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు గంజాములో ఎక్కువ భాగము అటు పోయినది, ఈ తాలూకాలు విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడినది. పార్వతీపురపువారి సంగతి ఇంకొక తీరు. వారు మొదట విశాఖపట్టణము, 1950లో శ్రీకాకుళము, 1979లో విజయనగరము, 2022లో పార్వతీపురము మన్యము జిల్లా. తాతగారు పుట్టిన ఇల్లు కదలలేదు, జిల్లా కదలినది. ఏ సంవత్సరపు కాగితము కావలెనో చెప్పినగాని అది ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్సులో వెదకవలెనో, భువనేశ్వరములో వెదకవలెనో, శ్రీకాకుళము కలెక్టరు కచేరీలో అడుగవలెనో పరిశోధకునికి తేలదు.

ఊరి పేరే తెలియనివారు కొందరున్నారు. వారు నిరాశ పడనక్కరలేదు. మన పేర్లలోనే కొంత జాడ ఉన్నది. ఇంట అప్పన్నలు, సింహాచలములు తరతరముల ఉన్నయెడల సింహాద్రినాథుని కొలిచిన సీమ. కూర్మయ్య, కూర్మమ్మ అన్నచో శ్రీకూర్మము వైపు. ముఖలింగము అన్న పేరు వంశధార ఒడ్డుదాక తీసికొనిపోవును. పైడితల్లి, పైడయ్య విజయనగరము చుట్టుప్రక్కల, నూకరాజు, నూకాలు అనకాపల్లి చుట్టుప్రక్కల ఎక్కువ. ఇది జాడయే గాని సాక్ష్యము కాదు. జగన్నాథము అన్న పేరు పెట్టుకొన్నవారందరు పూరీవారు కారు గదా.

ఇంటిపేరు విషయములో మనకు జరిగిన నష్టము ఎక్కువ. రైల్వే కచేరీలలో కాగితములు తిరగవేసెడి మావంటి గుమాస్తాలకిది బాగుగా తెలియును. పాత మస్టరురోల్సులో కే. రాములు, కే. అప్పన్న అని డజన్లకొద్ది కనబడుదురు. ఆ ఒక్క ఇంగ్లీషు అక్షరము క్రింద కొల్లివారు, కోరాడవారు, కరణమువారు అందరును అణగియున్నారు. కొన్ని ఇండ్లలో ఇంటిపేరు పోయి రావు, మూర్తి అన్నవే బడి రిజిస్టరులో ఇంటిపేరుగా నిలిచినవి. కనుక మన ఇంటిపేరును తెలుగులో పలుకునట్లు వ్రాసి, దాని క్రింద ఇంగ్లీషులోను ఒడియాలోను ఇంతవరకు ఏయే తీరుల వ్రాసినారో అన్నియు వ్రాసి ఉంచవలెను. పరిశోధకునికి ఈ ఒక్క కాగితము వలన పది దినముల పని తగ్గును.

సర్వీసు కాగితములు మిగిలియున్నవారు అదృష్టవంతులు. పాత సర్వీసు షీటులో ఉద్యోగి తండ్రిపేరు, ఊరు, తాలూకా, ఒంటిమీది పుట్టుమచ్చలు, వేలిముద్ర ఉండును. అయితే ఆ షీటు ఏ రైల్వేదో కాలమునుబట్టి చెప్పవలెను. బెంగాలు నాగపూరు కంపెనీని 1944లో ప్రభుత్వము తీసికొన్నది. 1952లో అది ఈస్టరన్ రైల్వేలో చేరినది. 1955 ఆగస్టులో సౌత్ ఈస్టరన్ వేరుపడినది. 2003లో భువనేశ్వరము ముఖ్యస్థానముగా ఈస్టుకోస్టు రైల్వే ఏర్పడినది. తాతగారు ఏ ఏట రిటైరైనారో తెలిసినచో ఏ కచేరీ తలుపు తట్టవలెనో తెలియును. పెన్షను పుస్తకము, ప్రావిడెంటు ఫండు చీటీ, పాత పాసు, ఏదైనను సరే, పెట్టె అడుగున ఉన్నది పైకి తీయవలెను. 1999 అక్టోబరు తుఫాను, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, ఈ మూడింటిలో ఒకదానికైనను పెట్టెలు తడవని ఇల్లు మనలో తక్కువ. ఇంకొక తుఫాను రాకముందే ఉన్నవాటికి ఫోటోలు తీసి రెండు చోట్ల దాచుట మేలు.

తరువాత కాలము లెక్క. మనవారు పంచాంగము అట్టమీదనో తాటాకుమీదనో సంవత్సరము పేరు మాత్రము వ్రాసి ఊరకుందురు. విశ్వావసు అన్న పేరు 1845లో వచ్చినది, 1905లో వచ్చినది, 1965లో వచ్చినది. ముత్తాత పుట్టుక విశ్వావసు అన్నచో ఈ మూడింటిలో ఏదో మనుమని వయస్సునుబట్టి తేల్చవలెను. కరవుల పేర్లు ఇంకను ఉపకరించును. ధాత కరవు అన్నచో 1876. ఒరిస్సావారు న అంక కరవు అందురు. అది పూరీరాజు దివ్యసింహదేవుని తొమ్మిదవ అంకము, అనగా 1866 నాటి మహాక్షామము. ఈ అంకపు లెక్కలో ఒక తమాషా ఉన్నది. ఒకటవ అంకము లేదు, ఆరు లేదు. ఆరుతోను సున్నతోను ముగిసెడి అంకెలను విడిచిపెట్టుదురు, పది మాత్రము ఉండును. కనుక తొమ్మిదవ అంకము అన్నది నిజమునకు రాజ్యమునకు వచ్చిన ఏడవ ఏడు. సింహాచలము, శ్రీకూర్మము శాసనములలోను ఈ లెక్క ఉన్నది. గంజాము వైపు కాగితములు చూడబూనినవానికి ఇది తెలిసినదా లేదా అని మనము అడిగి చూడవచ్చును. తెల్లబోయినచో వేరొకరిని చూచుకొనవచ్చును.

అన్నిటికన్న ముందు, అన్నిటికన్న త్వరగా చేయవలసినది ముసలివారిని అడుగుట. వారిలోను ఆడవారిని అడుగుట. మగవారు ఉద్యోగము, జీతము, బదిలీ చెప్పుదురు. ఎవరికి ఎవరిని ఇచ్చినారు, ఏ పిల్ల ఏ పురిటిలో పోయినది, ఎవరికి ఎవరు దత్తు పోయినారు అన్నది ఆడవారి వద్దనే ఉన్నది. మేనరికములు అల్లుకొన్న ఇండ్లలో ఒకే మనిషి రెండు వరుసలలో వచ్చును. ఆ ముడి వారే విప్పగలరు. ఏ సంవత్సరము అని అడిగినచో ఎవరును చెప్పరు. విశాఖమీద బాంబులు పడకముందా తరువాతనా అని అడిగినచో చెప్పుదురు. అది 1942 ఏప్రిలు. రంగమునుండి నడచి వచ్చినవారు చేరకముందా తరువాతనా అన్నను చెప్పుదురు. తాత పేరే మనుమనికి పెట్టెడి వాడుకవలన ఒకే పేరు మాటిమాటికి వచ్చును. పెద అప్పన్న, నడిపి అప్పన్న, చిన అప్పన్న అని విడదీసి వ్రాసికొనవలెను.

మన ఇండ్లలో వ్రాతలేని వంశావళి ఒకటి ఉన్నది. అది సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టు వరుస. తర్పణములు విడిచెడివారు తండ్రి, తాత, ముత్తాత, తల్లివైపువారి పేర్లు పురోహితునికి చెప్పుదురు గనుక ఆయన చీటీలో అవి దొరకును. తక్కిన ఇండ్లలో ఈ బట్టల వరుసయే ఆధారము. మా ఇంట తొంభై యేండ్లు దాటిన పెద్దమ్మగారు ఉన్నారు. ఆమె ఏటేట పంచెలు, చీరలు పేరుపేరున పెట్టి, చివర ఒక రవికెగుడ్డ పెట్టి సన్నాసమ్మకు అనెడిది. ఆ సన్నాసమ్మ ఎవరని ఎవరును అడిగినవారు లేరు. మొన్న సంక్రాంతికి అడుగగా చెప్పినది. మా ముత్తాత రైలెక్కి వచ్చినప్పుడు వెంట వచ్చిన మొదటి భార్య ఆమె. వచ్చిన రెండవ ఏటనే విశూచి తగిలి, పిల్లలు లేకయే పోయినది. పుట్టింటి ఊరు పెద్దమ్మగారికిని తెలియదు. మేమందరము రెండవ ఆమె సంతతి. ఏ పిచ్చుకుంటల పాటలోను, ఏ సర్వీసు షీటులోను ఆ మొదటి ఆమె పేరు ఉండుటకు వీలులేదు. పెద్దమ్మగారితో ఆ రవికెగుడ్డయు ఆగిపోయెడిది.

ముసలివారినుండి దొరకినది వ్రాసికొన్న తరువాతనే కచేరీ కాగితముల మాట. వీటిలో ఏది ఏమి చెప్పునో తెలిసియుండుట మంచిది. పూర్వము ఊరి కరణము వద్ద దండకవిలె ఉండెడిది. కర్నలు మెకంజీ దొర 1821లో చనిపోవు పర్యంతము కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలైనవారిచేత సేకరింపించిన కైఫీయతులలో ఎక్కువభాగము ఇట్టి కవిలెలనుండి వచ్చినవే. వాటిని ఉద్ధరించి నకళ్లు వ్రాయించిన పుణ్యము బ్రౌనుదొరది. అవి మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారములో ఉన్నవి. అయితే వాటిలో కరణములు, నాయకులు, గుడి అర్చకులు కనబడుదురే గాని మన గ్యాంగుమనుషుల తాతలు కనబడుట అరుదు. ఆంధ్రప్రదేశములో 1984లో కరణము మునసబు పదవులు రద్దయినవి. అప్పటి లెక్కలు కొన్ని తాలూకా కచేరీకి చేరినవి, కొన్ని పాత కరణముగారి అటకమీదనే ఉండిపోయినవి. ఊరికి పోయిన పరిశోధకుడు ఆ ఇంటిని విచారించకుండ తిరిగివచ్చినచో పని సగమే అయినట్లు.

ఇనాముభూమి ఉన్న ఇండ్లవారికి మంచి ఆధారమున్నది. 1858లో మద్రాసు రాజధానిలో ఇనాము కమీషను ఏర్పడినది. దాని రిజిస్టర్లలో ఇనాము మొదట పొందినవాని పేరు, అప్పుడు అనుభవించుచున్నవాని పేరు, వయస్సు, వారి సంబంధము వ్రాసినారు. అర్చకులు, విద్వాంసులే గాక ఊరి సేవకు మాన్యములున్న చాకలి, మంగలి, కుమ్మరి, వెట్టివారు కూడ ఇందులోనికి వచ్చుదురు. రైతువారీ జిల్లాలలో ఉన్నట్టి పాత సెటిల్‌మెంటు రిజిస్టర్లు మన వైపు తక్కువ. పర్లాకిమిడి, టెక్కలి, మందస, బొబ్బిలి అన్నియు జమీందారీలు గదా. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాత జరిగిన సర్వేలో గాని సామాన్యరైతు పేరు సర్కారు పుస్తకములోనికి సరిగా రాలేదు. అంతకు ముందటివానికి రిజిస్ట్రారు ఆఫీసే గతి. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకమును, దాని ఇండెక్సును రుసుము కట్టి ఎవరైనను చూడవచ్చును. అరెకరము అమ్మిన దస్తావేజులో కూడ ఫలానివాని కుమారుడు ఫలానివాడు అని రెండు తరములు దొరకును. రైలెక్కినవాడు బయలుదేరుటకు ముందు తన వాటా అన్నకు వ్రాసియిచ్చినాడేమో అన్నది తప్పక చూడవలసిన సంగతి. 1899 నాటి మద్రాసు చట్టము ప్రకారము వ్రాసిన జననమరణముల రిజిస్టర్లును ఉన్నవి. పుట్టుక పద్దులో బిడ్డ పేరు తరచు ఉండదు, తండ్రి పేరు ఉండును.

పండాల వహీలను గూర్చి ఒక మాట. పూరీ, గయ, కాశీ క్షేత్రములలో తీర్థపురోహితులు యాత్రికుల పేర్లు, వెంట వచ్చినవారి పేర్లు వ్రాసి ఉంచుదురు. హరిద్వారము వహీలను అమెరికాలోని యూటా వంశావళి సంఘమువారు మైక్రోఫిల్ము కూడ తీసినారు. వాటిని వెదకుట పూర్వీకుల సీమ, ఊరు, కులమునుబట్టి. మనము పోయి ఖుర్దారోడ్డువారమని చెప్పినచో పండా తల ఊపి ఊరకుండును. తాతలనాటి జిల్లా చెప్పవలెను. పూరీ మనకు గంట ప్రయాణము. ఇందుకు ఎవరికిని రుసుము ఇయ్యక మనమే పోవచ్చును.

ఉమ్మినీటి పరీక్ష చేయించినచో వంశము తెలియునని ప్రకటనలు వచ్చుచున్నవి. దూరపు దాయాదులెవరైన అదే పరీక్ష చేయించుకొనియుంటే కలియవచ్చునేమో గాని అది ఊరి పేరు చెప్పలేదు, ముత్తాత పేరు చెప్పలేదు.

ఇదంతయు ముచ్చటకొరకే అనుకొనువారు ఉందురు. మనలో షెడ్యూల్డు కులములవారికి ఇది ముచ్చట కాదు. 1950 ఆగస్టు 10వ తేదీన రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిననాటికి కుటుంబము శాశ్వతనివాసము ఏ రాష్ట్రములో ఉన్నదో దానినిబట్టి ధ్రువపత్రము వచ్చును. షెడ్యూల్డు తెగలవారికి అదే ఏడు సెప్టెంబరు 6వ తేదీ. ఆనాడు తాతగారు ఇక్కడి క్వార్టరులో ఉన్నారా, ఊరిలో ఉన్నారా అన్నదానిమీద మనుమరాలి కాలేజీ సీటు ఆధారపడుచున్నది. ఇట్టి కుటుంబములవారు పరిశోధకునికి ఇయ్యవలసిన ప్రశ్న ఒక్కటే. పది తరములు అక్కరలేదు, 1950 నాటి ఒక్క కాగితము కావలెను. బడి అడ్మిషను రిజిస్టరు గాని, ఓటర్ల జాబితా గాని, క్వార్టరు కేటాయింపు గాని.

ప్రశ్న నిర్ణయించుకొనక పని అప్పగించుటలో ఇంకొక అపాయమున్నది. గొప్ప వంశము కావలెనన్నచో గొప్ప వంశమే వచ్చును. ఇది నేటి సంగతి కాదు. ముఖలింగములో కళింగనగరమును ఏలిన తూర్పుగాంగుల తొలినాటి తామ్రశాసనములు చూచినచో, మహేంద్రగిరి గోకర్ణేశ్వరుని భక్తులమని చెప్పుకొని ఊరకుందురు. చోడగంగదేవుని కాలమునకు, అనగా 1100 దాటిన తరువాత, అదే వంశము విష్ణువు, బ్రహ్మ, చంద్రునినుండి దిగివచ్చినది. నడుమ రాజ్యము పెద్దదైనది. రాజులే వ్రాయించుకొనగా, మనము రోజుకూలి ఇచ్చి పిలిచినవాడు ఎవరో ఒక సామంతుని మనకు అంటగట్టుట కష్టమా? కొందరు తరమునకు ఇంత అని రుసుము చెప్పుదురట. అట్టి బేరములో తరములు పెరుగునే గాని తరుగవు. రోజునకు ఇంత, ప్రయాణపు బత్తా ఇంత అని మాట్లాడుకొనుట మా మతమున మేలు.

ఊరిలో మిగిలిన దాయాదుల సంగతి అన్నిటిలో సున్నితమైనది. నూరేండ్లుగా జాబు లేని శాఖ నుండి ఒక కొత్తమనిషి వచ్చి పాత దస్తావేజులు, సర్వే నంబర్లు అడుగుచున్నాడన్నచో వారికి మొదట కలుగు అనుమానము భూమికి వాటా అడుగవచ్చినారని. అట్లు తలచుట వారి తప్పు కాదు. తలుపు మూసికొందురు, పెట్టె తెరువరు, ముసలివారిని మాట్లాడనీయరు. కనుక పరిశోధకుడు పోకముందే ఇంటిపెద్ద స్వహస్తముతో జాబు వ్రాయుట, వీలైనచో తానే వెళ్లి భోజనముచేసి వచ్చుట ఉత్తమము. మాకు వాటా అక్కరలేదు, పేర్లు కావలెను అని తేటగా చెప్పవలెను. మన వద్దనున్న పేర్లు, ఫోటోలు ముందుగా వారికి ఇయ్యవలెను. వారికిని రైలెక్కిన చినతాత ఏమైనాడో తెలియదు గదా.

చివరకు ఒప్పందము. కాగితముమీద వ్రాసికొనవలెను. పరిశోధకునికి గొలుసుకట్టు తెలుగువ్రాత చదువను వచ్చునా, ఒడియా కరణీలిపి వచ్చునా, లేనిచో ఎవరిచేత చదివించును అన్నది ముందు అడుగవలెను. ఒక పాత కాగితము ముక్క చూపి ఎదుట చదివించుటలో మర్యాదతప్పు ఏమియులేదు. ప్రతి పేరు ప్రక్కన అది ఏ రిజిస్టరులో, ఏ పుటలో, లేక ఎవరి నోట దొరకినదో వ్రాసియియ్యవలెను. ఎక్కడ వెదకినను దొరకలేదో ఆ సంగతియు వ్రాయవలెను. రేపు మన పిల్లలు తిరిగి అదే కట్టను విప్పి డబ్బు పోగొట్టుకొనకుండుటకు అది పనికివచ్చును. ఇంటిలో దత్తతలు, రెండవ పెండ్లిండ్లు, విడిపోవుటలు బయటపడినచో అవి ఎవరికి చెప్పవలెను అన్నదియు అప్పుడే నిర్ణయించుకొనవలెను. నకళ్లు రెండు తీయించి, ఒకటి మన ఇంట, ఒకటి ఊరిలోని దాయాదుల ఇంట ఉంచవలెను. వంశవృక్షములో కొడుకులకు గీత గీసి కూతుళ్లను విడిచిపెట్టు పాత పద్ధతి వలదని, ఇచ్చినవారి ఇంటిపేరు, తెచ్చుకొన్నవారి ఇంటిపేరు, ఊరు రెండును ప్రతి స్త్రీ పేరు ప్రక్కన ఉండవలెనని, తెలియనిచోట ఖాళీ గడి విడువవలెనని కూడ ఆ ఒప్పందములోనే వ్రాయించవలెను.